ఒకే బరువు పెట్టినా స్లెడ్ ఒకచోట తేలిగ్గా, ఇంకోచోట బరువుగా ఎందుకుంటుంది?

స్లెడ్ అంటే వ్యాయామం కోసం బరువు ప్లేట్లు పెట్టి నేల మీద తోసే ఇనుప చట్రం. ప్లేట్లు మార్చకపోయినా నేల మారితే స్లెడ్ తోయడంలో కష్టం మారిపోతుంది, ఎందుకంటే మీరు బరువును ఎత్తడం లేదు, స్లెడ్ అడుగుకూ నేలకూ మధ్య రాపిడిని ఎదుర్కొంటున్నారు.

మొత్తం బరువును ఆ నేల ఘర్షణ గుణకంతో, అంటే అక్కడ రాపిడి ఎంతో చెప్పే సంఖ్యతో, గుణిస్తే తోయాల్సిన బలం వస్తుంది. 30 కిలోల స్లెడ్ మీద 60 కిలోల ప్లేట్లు వేశారనుకోండి. నున్నటి సిమెంటు మీద గుణకం 0.3 అయితే 27 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. గడ్డి మీద 0.5 అయితే 45 కావాలి. ఇది కదులుతున్న స్లెడ్ లెక్క. ఆగినదాన్ని కదిలించడానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

మెత్తటి నేలకు ఈ లెక్క సరిపోదు. అనంతపురం వైపు వదులు ఎర్రమట్టిలో స్లెడ్ అడుగుపట్టీ దిగబడి, ముందున్న మట్టిని కుప్పగా నెడుతుంది. అందుకే పోయేకొద్దీ బరువెక్కుతుంది. కర్నూలు నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు బారుతుంది. పట్టీ కొస నెర్రెలో చిక్కితే స్లెడ్ టక్కున ఆగి, ఆ దెబ్బంతా మణికట్ల మీద, భుజాల మీద పడుతుంది. అలాంటి చోట అసలు తోయకండి.

వెడల్పాటి పట్టీ వేస్తే ఎక్కడైనా తేలికవుతుందని చాలామంది నమ్ముతారు, అది తప్పు. గట్టి నేల మీద వెడల్పుతో దాదాపు తేడా ఉండదు, దిగబడే నేలలోనే అది పనికొస్తుంది.

కొత్త నేల మీద సగం ప్లేట్లతో 15 మీటర్లు తోసి చూడండి. సిమెంటు మీద దుమ్ముంటే ముందు ఊడ్చండి, లేదంటే స్లెడ్ కంటే ముందు బూట్లే జారతాయి.