గొంతు బాగుంటే న్యూస్ రీడర్ అవ్వచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. టీవీలో వార్తలు చదువుతానని పట్టుబడుతోంది. గొంతు బాగుంటుందని అందరూ అంటారు. ఆ ఒక్కటీ నమ్ముకుని ఈ దారిలో పంపవచ్చా?

జవాబు: పంపండమ్మా. కానీ గొంతుకన్నా ముందు వార్త రాయడం నేర్చుకోమనండి.

చదవడం వార్తల పనిలో చిట్టచివరి మెట్టు. 2018లోనే చైనా వార్తాసంస్థ షిన్హువా కంప్యూటర్‌తో తయారుచేసిన యాంకర్ చేత వార్తలు చదివించింది. ముందున్నది చదవడం మాత్రమే వస్తే ఇక కష్టం. వార్తలో ఏదో తేడా ఉందని పసిగట్టే మనిషి, ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ చెప్పగానే స్క్రిప్ట్ లేకుండా తెలిసినంత వరకే తడబడకుండా చెప్పగలిగే మనిషి కావాలి.

చెవి కోసం రాయడం వేరే విద్య. పత్రికలో అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చదువుకుంటాం. వినేవారికి ఆ వీలు లేదు. 1922 నవంబర్ 14న బీబీసీ తొలి బులెటిన్‌ను ఆర్థర్ బరోస్ రెండుసార్లు చదివారు, ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా. ఏది బాగుందో చెప్పమని శ్రోతలనే అడిగారు. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం.

అందుకే ఒక వాక్యంలో ఒకే విషయం ఉండాలి. కొటేషన్ గుర్తులు చెవికి వినపడవు కాబట్టి ఎవరన్నారో ముందే చెప్పాలి. 19,87,642 అని చదివితే ఎవరికీ గుర్తుండదు, 'దాదాపు 20 లక్షలు' అంటే ఉంటుంది.

రోజూ పత్రికలో ఒక పెద్ద వార్త తీసుకుని 30 సెకన్లకు కుదించి, ఫోన్‌లో రికార్డు చేయమనండి. మీరు ఒక్కసారే విని, గుర్తున్నది తిరిగి చెప్పండి. మీకు గుర్తులేనిది తను తిరగరాయాలి. శ, ష, స తేడాలు, ఒత్తులు కూడా ఈ రికార్డింగుల్లోనే బయటపడతాయి. టెలీప్రాంప్టర్ (కెమెరా దగ్గర స్క్రిప్ట్ కనిపించే తెర) గురించి టెన్షన్ వద్దు, అది సాధనతో వచ్చేస్తుంది.

డిగ్రీ మాత్రం పూర్తి చేయాలి. తర్వాత జర్నలిజం కోర్సు ఎంచుకునేటప్పుడు, విద్యార్థులే బులెటిన్ నడిపే స్టూడియో ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడండి.

యాంకర్ సీట్లు తక్కువ. మొదటి ఉద్యోగం డెస్క్‌లోనో (ఆఫీసులో వార్తలు రాసి, దిద్దే విభాగం) రిపోర్టింగ్‌లోనో వస్తే వద్దనకండి, మంచి న్యూస్ రీడర్లు చాలామంది అక్కడినుంచే వచ్చారు. తెల్లవారుజాము షిఫ్టులుంటాయి, పండుగ రోజూ డ్యూటీ పడుతుంది. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.