కోవిడ్ మరణాల పట్టిక: తప్పు డేటాలో లేదు

అమెరికా కోవిడ్ మరణాల్లో నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు) ఎక్కువని అందరూ అంటుంటే, మీ పట్టికలో హిస్పానిక్‌ల రేటు తెల్లవారి కంటే తక్కువ వస్తోందని టెన్షన్ పడుతున్నారు కదా. డేటా సరైనదే. మీరు వేసింది ముడి రేటు, అంటే వయసు చూడకుండా మొత్తం మరణాలను మొత్తం జనాభాతో భాగించింది. అక్కడి తెల్లవారిలో వృద్ధులు ఎక్కువ, హిస్పానిక్‌లలో కుర్రవాళ్లు ఎక్కువ. కోవిడ్ ఎక్కువగా పొట్టన పెట్టుకుంది వృద్ధులనే. అందుకే అసలు తేడా మరుగున పడింది.

వయసు తేడా అడ్డు తొలగాలంటే అమెరికా 2000 ప్రామాణిక జనాభా తీసుకోండి. పోలిక కోసం ఒక్కో వయసు వర్గం వాటా ఎంతో ఖరారు చేసిన జనాభా అది. ఒక్కో వయసు వర్గంలోని మరణాల రేటును ఈ ప్రామాణిక జనాభాలో ఆ వర్గం వాటాతో గుణించి అన్నీ కూడండి. 2020 లెక్కల్లో నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు, ఆదివాసీ అమెరికన్లు తెల్లవారి కంటే చాలా పైకి వస్తారు.

మీ రిపోర్టులో కారణాల దగ్గర "జన్యువులు" అని రాశారు. దయచేసి అది తీసేయండి. డఫీ అనే రక్తవర్గాన్ని బట్టి వైవాక్స్ రకం మలేరియా సోకే అవకాశం మారడం లాంటి జన్యు తేడాలు నిజమే కానీ, ఇక్కడి కథ వేరు. ఇంటి నుంచి చేయలేని ఉద్యోగాలు, ఇరుకు ఇళ్లు, బీమా లేకపోవడం, ఇవీ అసలు కారణాలు. ఆదివాసీ అమెరికన్ల ప్రాంతమైన నవాహో నేషన్‌లో దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి నీళ్లే లేవు. మాటిమాటికీ చేతులు కడుక్కోమంటే వాళ్లేం చేస్తారు?

వైద్యం దగ్గర కూడా అన్యాయమే జరిగింది. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టే ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని పసిగట్టలేకపోవడం తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. దీనికి మీ రిపోర్టులో విడిగా ఒక పేరా ఇవ్వండి.