వంటింటి ప్రశ్నలు, జవాబులు: ఇనప పెనం మీద ఖాసీ తొడ, పక్కన పాస్తా

ప్రశ్న (బరంపురం నుంచి ఒక గృహిణి): బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు, అక్కడ తాను ఇష్టంగా తినే పాస్తా, స్టేక్ (మందపాటి బిళ్లగా కోసి పెనం మీద కాల్చిన మాంసం) భోజనం ఒక రాత్రి ఇంట్లోనే చేద్దామన్నాడు. ఆదివారం ఉదయం కళ్ల ముందే కోయించిన లేత ఖాసీ (విత్తులు తీసిన మేకపోతు) తొడ మాంసం తెచ్చి, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం పట్టించి రాత్రికి పెనం మీద వేశాను. నీరు ఊరి, ముక్కలు ఆ నీటిలోనే ఉడికి, చివరకు తోలులా సాగాయి. పాస్తా కూడా ముద్దయిపోయింది. అంత తాజా మాంసం ఎందుకిలా అయిందో దయచేసి తెలుపగలరు.

జవాబు: అమ్మా, మాంసం మరీ తాజాది కావడమే మొదటి కారణం. మేకను కోసిన కొద్ది గంటలకు కండరాలలోని శక్తి నిల్వలు తరిగిపోయి, కండపోగులు ఒకదానినొకటి పట్టుకొని బిగుసుకుపోతాయి. ఆ బిగువు సడలడానికి ఒక రోజో రెండు రోజులో పడుతుంది. కండలోనే ఉండే ఎంజైములు పోగులను నెమ్మదిగా తెంచి మెత్తబరుస్తాయి. మన ఇళ్లలో ఉదయం తెచ్చిన వేటమాంసాన్ని మధ్యాహ్నానికే కూర వండుతున్నా ఈ సంగతి ఎవరికీ తెలియరాదు. ఎందుకంటే, గంటసేపు ఉడికినప్పుడు, లేదా కుక్కర్లో అయిదారు కూతలు వచ్చినప్పుడు, కండను కట్టి ఉంచే పీచు జిగురుగా కరిగిపోయి మొదటి బిగువును కప్పిపుచ్చుతుంది. స్టేక్ మంట మీద ఉండేది మొత్తం ఎనిమిది, పది నిమిషాలే కనుక కరగడానికి వ్యవధి లేదు. మాంసం ఏ స్థితిలో పెనం ఎక్కిందో ఆ స్థితిలోనే పళ్లెంలోకి వస్తుంది.

కాబట్టి ఆదివారం రాత్రి భోజనానికి శుక్రవారం గాని, శనివారం ఉదయం గాని మాంసం తెప్పించుకోండి. ఫ్రిజ్‌లో అడుగు అరలో, 4 డిగ్రీల చలిలో, ఎముకతోనే ఉంచండి. తెచ్చిన వెంటనే ఫ్రీజర్లో పెట్టడం మాత్రం పొరపాటు. బిగువు పూర్తి కాకముందే గడ్డకట్టిన కండ, కరిగేటప్పుడు మరింత ముడుచుకుపోతుంది. నిలవ మాంసమా అని ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లించవచ్చు. మా ఇంట్లోనూ చిట్లించారు, తిన్నాక ఊరుకున్నారు.

కోత విషయంలో దుకాణదారుకు ముందే చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ కూర ముక్కలుగా కోసేస్తాడు. వెనక తొడ పైభాగాన్ని ఎముకకు అడ్డంగా, అంగుళం మందాన బిళ్లలుగా కోయమనండి. అంతకన్నా పలచగా ఉంటే పైన రంగు వచ్చేసరికి లోపల ఎండిపోతుంది. వెన్నెముకకు ఆనుకొని ఉండే కండ దొరికితే ఇంకా మేలు, అది ఎక్కువ కదలని కండ కనుక మెత్తగా ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో స్టేక్ అంటే సాధారణంగా గొడ్డుమాంసమే. ఒడిశాలో 1960 నాటి గోవధ నిషేధ చట్టం ఉన్నది, పైగా మన ఇళ్ల ఆచారాలు ఎలాగూ వేరు. ఖాసీ మాంసానికి ఆ పద్ధతి వర్తిస్తుంది గాని, మేకకు కొవ్వు తక్కువ కాబట్టి మంట మీద అజాగ్రత్తను అది ఏమాత్రం సహించదు.

మీరు పట్టించిన పెరుగు, మసాలా రెండవ కారణం. మాంసం పైన గోధుమరంగు పెచ్చు కట్టి, ఆ కమ్మని వాసన రావడానికి కారణమైన చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరించాడు. అది చురుకుగా జరగాలంటే ముక్క పైభాగం దాదాపు 140 డిగ్రీలకు చేరాలి. పైన తడి ఉన్నంతసేపు ఆ భాగం 100 డిగ్రీలు దాటదు, ఎందుకంటే నీరు ఆవిరయ్యే పనికే వేడి అంతా ఖర్చవుతుంది. అందుకే మీ ముక్కలు వేగకుండా ఉడికాయి. ముందు రోజు రాత్రి కిలో మాంసానికి సుమారు 10 గ్రాముల ఉప్పు మాత్రమే రాసి, జల్లెడ వంటి దాని మీద పరచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు మొదట నీటిని బయటకు లాగుతుంది, తరువాత ఆ ఉప్పునీటినే కండ తిరిగి పీల్చుకుంటుంది, పైభాగం ఆరిపోతుంది. ముందు రోజు కుదరకపోతే వంటకు కనీసం 40 నిమిషాల ముందైనా రాయండి. అదీ కుదరకపోతే పెనం మీద వేసే క్షణంలోనే చల్లండి; ఈ రెండింటికీ నడుమ చల్లితే ఊరిన నీటితోనే పెనం ఎక్కుతుంది. ముదురు మాంసమని అనుమానం ఉంటే, కిలోకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద అరగంట సేపు పట్టించి శుభ్రంగా తుడిచేయండి. బొప్పాయి పైపొర దాటి లోపలికి అంతగా పోదు, రాత్రంతా ఉంచితే పైపొర పిండిలా అయిపోతుంది.

ఇక వండే తీరు. దోసెలు పోసే మందపాటి ఇనప పెనం ఈ పనికి చక్కగా సరిపోతుంది. నాన్‌స్టిక్ పెనం అంత వేడిని తట్టుకోదు. పెనాన్ని నాలుగైదు నిమిషాలు పెద్ద మంట మీద కాల్చి, ముక్కలకు వేరుశెనగ నూనె పలచగా రాసి, రెండేసి చొప్పున వేయండి. నాలుగు ఒకేసారి వేస్తే పెనం చల్లారి మళ్లీ నీరు ఊరుతుంది. ఒక్కో వైపు మూడు, నాలుగు నిమిషాలు చాలు. చివరి నిమిషంలో మంట తగ్గించి, ఒక చెంచా వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు నాలుగు వేసి, ఆ వెన్నను ముక్కల మీద పోస్తూ ఉండండి. వెన్న ముందే వేస్తే అందులోని పాలపదార్థం మాడి చేదెక్కుతుంది. పెద్ద మంట మీద పైపొర గట్టిపడి లోపలి రసాన్ని బంధిస్తుందని చాలామంది నమ్ముతారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారం చేసిన ఈ మాట నిజం కాదని తరువాతి పరీక్షలలో తేలింది. పెద్ద మంట రుచి కోసం, రసం నిలవడమన్నది ముక్క లోపలి వేడి మీద ఆధారపడిన విషయం.

దించిన వెంటనే కోయవద్దు. ఆరేడు నిమిషాలు కూరలు తరిగే పలక మీద ఉంచితే రసం కొంత చిక్కబడి కండలోనే నిలుస్తుంది. తరువాత పోగులు ఏ దిశలో ఉన్నాయో చూసి, వాటికి అడ్డంగా కోయండి. పొడుగు పోగు నోటిలో సాగుతుంది, పొట్టి పోగు విడిపోతుంది. పాస్తా సంగతి కింద రాయగడ పాఠకునికి ఇచ్చిన జవాబులో ఉన్నది.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): మా మనవరాలు చేసిన స్టేక్ కోస్తే లోపల గులాబీ రంగుగా ఉండి ఎర్రని రసం కారింది. నెత్తురుతో ఉన్న మాంసం తినడం క్షేమమేనా? చికెన్, చేప కూడా ఇలాగే చేయవచ్చా?

జవాబు: మాస్టారూ, ఆ రసం నెత్తురు కాదు. కండలో ప్రాణవాయువును నిలిపి ఉంచే మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తు నీటిలో కలిసి అలా కనిపిస్తుంది. క్షేమం విషయానికి వస్తే రంగును బట్టి కాక వేడిని బట్టి నిర్ణయించడం మంచిది. కోయని నిండు ముక్కలో సూక్ష్మజీవులు ప్రధానంగా పైభాగాన్నే ఉంటాయి. అమెరికా వ్యవసాయ శాఖ మేక, గొర్రె నిండు ముక్కలకు లోపల 63 డిగ్రీల వేడి, దించాక మూడు నిమిషాల విరామం చాలునని చెబుతుంది. కైమాకు ఇది వర్తించదు, పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది కనుక 71 డిగ్రీలు కావాలి. ముక్కలో గుచ్చే వంట థర్మామీటరు ఒకటి కొనిపెట్టండి. వయసు మళ్లినవారికీ, గర్భిణులకూ, చిన్న పిల్లలకూ లోపల గులాబీ రంగు పూర్తిగా పోయేలా కాల్చి పెట్టడమే నా సలహా, రుచి ఒక పిసరు తగ్గినా సరే.

చికెన్‌కు 74 డిగ్రీలు తప్పనిసరి, ఇందులో మినహాయింపు లేదు. రొమ్ము ముక్క ఒక చివర లావుగా, మరో చివర సన్నగా ఉంటుంది కాబట్టి, లావు వైపు అప్పడాల కర్రతో కొట్టి సమానం చేసుకుంటే ఎండిపోకుండా ఉడుకుతుంది. చేప అయితే గోపాలపురం వైపు నుంచి వచ్చే వంజరాన్ని ముల్లుకు అడ్డంగా చక్రాలు కోయించండి. అలాంటి చక్రాలను ఇంగ్లిషువారు కూడా స్టేక్ అనే పిలుస్తారు. ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పెనం మీద ఉంచవద్దు.

ఇంకొక మాట. వండే ముందు మాంసాన్ని గంటల తరబడి బయట ఉంచాలని విదేశీ వంటల పుస్తకాలలో రాస్తారు. మన ఎండల్లో అది ప్రమాదం. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదు, అరగంట చాలు.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకుడు): పాస్తా ఎప్పుడు వండినా ముద్దగా అవుతోంది. ఇక్కడ మంచి చీజ్, ఇటలీ ఆకుకూరలు దొరకవు. వీటికి ప్రత్యామ్నాయం ఏమిటి?

జవాబు: ముందుగా పొట్లం మీద ఏమి రాసి ఉన్నదో చదవండి. అసలైన ఎండు పాస్తా డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఇటలీలో 1967లో దీనికి చట్టమే చేశారు. ఆ గోధుమను మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతంలో పండిస్తారు. మైదాతో చేసిన చవక రకం ఎంత జాగ్రత్త పడినా త్వరగా మెత్తబడుతుంది, తప్పు మీది కాదు.

ఇటలీ ఇళ్లలో 100 గ్రాముల పాస్తాకు లీటరు నీరు, ఆ నీటికి 10 గ్రాముల ఉప్పు అన్నది గుర్తుగా పెట్టుకుంటారు. పక్కన మాంసం ఉన్నప్పుడు మనిషికి 80 గ్రాముల లోపు చాలు. నీరు తెర్లుతున్నప్పుడే వేసి, మొదటి రెండు నిమిషాలు వదలకుండా కలపాలి. పైన ఉన్న పిండి అంటుకునేది అప్పుడే. నీటిలో నూనె పోయడం వల్ల ప్రయోజనం లేదు, నూనె పైన తేలుతుంది. అన్నం మెతుకు నలిపి చూసే అలవాటు మనది, పాస్తాను మాత్రం కొరికి చూడాలి; నడుమ ఇంకా కాస్త పంటికి తగులుతుండగా, అంటే పొట్లం మీది సమయానికి రెండు నిమిషాల ముందే, తీసి నేరుగా సాస్‌లో వేయాలి. వార్చిన గంజిని పారబోయవద్దు. ఒక గరిటెడు పోసి పెద్ద మంట మీద కలిపితే, ఆ పిండి నూనెనూ టొమాటో రసాన్నీ కలిపి పాస్తాకు పట్టిస్తుంది. చన్నీటితో కడగడమంటే ఈ లాభాన్నంతా తూములో పోయడమే.

సాస్‌కు నలుగురికి ముప్పావు కిలో పుల్లని నాటు టొమాటోలు తీసుకోండి. మరిగే నీటిలో అర నిమిషం ఉంచి తొక్క తీసి, నాలుగు చెంచాల నూనెలో ఉల్లి, వెల్లుల్లి దోరగా వేగాక వేసి, మూత లేకుండా 25 నిమిషాలు ఉడికించండి. పులుపు ఎక్కువైతే చిటికెడు పంచదార. గరం మసాలా వేయాలని చేయి లాగుతుంది, వేయకండి.

చీజ్ బదులు ఒడిశాలో మనకున్న వరం ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన విరుగుడు ముద్ద. మిఠాయి దుకాణంలో ఉదయం దొరికే తాజా ఛెనా 150 గ్రాములు తీసుకొని, వేడి గంజితో మెత్తగా చిదిపి, ఉప్పు, మిరియాలు కలిపి, పొయ్యి ఆపాక పాస్తాలో వేస్తే ఇటలీ వారి రికోటా అనే మెత్తని చీజ్‌కు దగ్గరగా వస్తుంది. కనీసం ఏడాది పాటు మాగబెట్టే పార్మెజాన్ చీజ్ ఘాటు మాత్రం దీనికి రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇక ఆకుల సంగతి. ఇటలీ వారి బేసిల్ మరేదో కాదు, మన రుద్రజడ. వేసవిలో షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే; కొన్ని గింజలు కుండీలో చల్లితే నెల, నెలన్నరలో ఆకు చేతికి వస్తుంది. పూజ తులసికి లవంగం ఘాటు ఎక్కువ, అది ఈ వంటకు కుదరదు.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకురాలు): మా ఇంట్లో రెండు పొయ్యిలే ఉన్నాయి. నలుగురికి అన్నీ వేడిగా ఎలా అందించాలి?

జవాబు: టొమాటో సాస్‌ను మధ్యాహ్నమే చేసి పెట్టుకోండి, నిలిచిన కొద్దీ రుచి పెరుగుతుంది. భోజనానికి 45 నిమిషాల ముందు ఒక పొయ్యి మీద మూడు లీటర్ల నీరు ఎక్కించి, రెండవ దాని మీద పెనం కాల్చి రెండు విడతలుగా మాంసం ముగించండి. పెనానికి అంటుకున్న గోధుమరంగు పెచ్చును కడిగేయకుండా, అర గ్లాసు నీరు పోసి గీకి, సాస్‌ను అందులోనే వేసి వేడి చేయండి. ఆ సాస్‌కు వచ్చే మాంసపు రుచి ఏ పొడి వేసినా రాదు. పుల్లని టొమాటో ఇనప పెనంలో నిలవ ఉంటే లోహపు రుచి దిగుతుంది కాబట్టి, అయిదు నిమిషాలకు వేరే గిన్నెలోకి మార్చాలి. మాంసం పలక మీద విశ్రాంతి తీసుకుంటున్న సమయంలోనే పాస్తా ఉడుకుతుంది. పాస్తాను సాస్‌లో కలిపి, వేడినీటితో కడిగిన పళ్లేలలో పెట్టి, అప్పుడు మాంసం కోసి పక్కన వేయండి. పలక మీద మిగిలిన రసాన్ని పాస్తా మీదే పోయండి.