అల్లుడూ, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టు

ఒరేయ్ చిన్నా,

మొన్న మంగళవారం పొద్దున తొమ్మిదింపావుకి జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా టైమర్‌లో ఎర్ర అంకె ఇంకా 64 మీద ఉంది, అంతలో నా పక్కనుంచే నీలం హెల్మెట్ పెట్టుకున్న ఒక మహానుభావుడు సైకిల్ మీద బైకుల మధ్యలోంచి దూరి, స్టాప్ లైన్ దాటి, అటూ ఇటూ ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు. నువ్వే. నన్ను చూడలేదులే. నేను పిలిచేలోపు అవతలికి చేరిపోయావు. మధ్యలో ఒక క్యాబ్ అతను బ్రేకు మీద నిలబడిపోయి హారన్ కొట్టాడు, అది నీకు వినపడిందో లేదో, చెవుల్లో ఆ తెల్ల బుడిపెలున్నాయిగా.

మా ఆటో అతను నవ్వి, "సైకిలోళ్ళకు సిగ్నల్ ఏడిది సార్" అన్నాడు. నేనేమీ అనలేదు, మా అల్లుడే అని చెప్పుకోలేదు కూడా. కానీ ఆ మాట నాకు రెండు రోజులు మెదిలింది. సైకిల్ వాడు సిగ్నల్ లెక్కలో లేడని రోడ్డు మీద బండి నడిపేవాళ్ళు అనుకుంటే, తమకు గ్రీన్ పడ్డప్పుడు మనం మధ్యలో ఉన్నా లెక్కలోకి తీసుకోరు. మనమే నేర్పుతున్నాం వాళ్ళకి.

నువ్వు ఏమంటావో తెలుసు. సైకిల్‌కి నంబర్ ప్లేట్ లేదు, కెమెరా ఫొటో తీసినా చలాన్ ఎవరికి పంపుతాడు అంటావు. నిజమే, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సైకిల్ మోటారు వాహనం కాదు. 2022 అక్టోబరులో మన హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అని ఒక ప్రత్యేక డ్రైవ్ మొదలుపెట్టి స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం నిలబడితే 1000 అన్నప్పుడు కూడా ఆ బాధ బండ్ల వాళ్ళదే, మనది కాదు. మా చిన్నప్పుడైతే లైటు లేకపోయినా, డబుల్స్ ఎక్కించుకున్నా పోలీసు ఆపి గాలి తీసేసేవాడు, పంపు ఉన్న కొట్టు దాకా తోసుకుంటూ పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ భయమూ లేదు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో 1982 నుంచే స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ వాళ్ళు పూర్తిగా ఆగనక్కర్లేదని చట్టం ఉందని కూడా నువ్వే చెప్పావు ఒకసారి. ఉండనీ. అక్కడ అడ్డం వచ్చే బండికి దారి ఇచ్చాకే వెళ్ళాలి, నువ్వు మంగళవారం ఆ క్యాబ్‌కి దారి ఇచ్చావా?

ముప్ఫై ఏళ్ళు ఎర్రగడ్డ నుంచి మూసాపేట, వై జంక్షన్ మీదుగా బాలానగర్‌లో మెషిన్ షాపుకి తొక్కిన వాడిగా నాకు అర్థమైంది ఒకటుంది. రెడ్ దాటేవాళ్ళందరూ పొగరుబోతులేం కాదు. ఆగాక మళ్ళీ కదలాలంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి దాటుతారు. బైకు వాడు ఎక్సలేటర్ తిప్పితే చాలు, మనం తొడల్లోంచి లాగాలి. కష్టపడి తెచ్చుకున్న వేగం బ్రేకులో పోగొట్టుకోవడం జేబులోంచి డబ్బు తీసి పారేసినట్టే ఉంటుంది. అందుకే నీకు ఆగమని చెప్పడం కంటే, కదలడం ఎలాగో చెబితే మిగతాది అదే సర్దుకుంటుంది.

మొన్న నువ్వు గుమ్మం ముందు ఆగినప్పుడు చూశాను, బరువు గేరులోనే ఆగుతున్నావు. ఆగాక గేరు మార్చాలని చూస్తే చైను కదలదు, పెడల్ తిరుగుతుంటేనే అది మారేది. కాబట్టి టైమర్ కనపడగానే, ఇంకా తొక్కుతుండగానే, రెండు మూడు గేర్లు తేలిక చేసుకో. సీటు మీద కూర్చునే రెండు కాళ్ళూ ఆనించాలని సీటు కిందికి దించుకున్నావు, అది తీసెయ్, ఏడాదికల్లా మోకాళ్ళు పట్టేస్తాయి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడు. ఎడమ కాలు నేల మీద, కుడి పెడల్ వెనక్కి తిప్పి గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోట పెట్టుకో. గ్రీన్ పడినప్పుడు ఆ పెడల్ మీద నిలబడితే ఒక్క తొక్కుతో సైకిల్ కదులుతుంది, నువ్వు సీటు మీదికి వచ్చేస్తావు, పాములా అటూ ఇటూ ఊగవు. వెనక హారన్లు మోగినా ఆ ఊగకపోవడమే నీకు రక్ష. మేడ కింద పార్కింగ్‌లో ఒక సాయంత్రం ఇరవై సార్లు చెయ్యి, వాచ్‌మన్ నవ్వితే నవ్వనీ.

ఇంకోటి, దూరం నుంచే సిగ్నల్ చదవడం. రెడ్‌లో 30 కనపడితే ఉరుకులు పెట్టి వెళ్ళి ఆగడం దేనికి, తొక్కడం మానేసి దొర్లుకుంటూ వెళ్తే చాలాసార్లు కాలు కింద పెట్టకుండానే గ్రీన్ అందుతుంది. గ్రీన్‌లో 4 కనపడితే మాత్రం ఆశపడకు. లెక్క చూడు. నువ్వు గంటకి 15 కిలోమీటర్లు తొక్కితే సెకనుకి నాలుగు మీటర్లు. స్టాప్ లైన్ నుంచి అవతలి జీబ్రా దాకా నలభై మీటర్లు అనుకుంటే పది సెకన్లు పడుతుంది. పసుపు ఉండేది మామూలుగా మూడు సెకన్లు. అంటే చివరి గ్రీన్‌లో దూరితే, అటు పక్క వాళ్ళకి వదిలేసరికి నువ్వు కూడలి నడిబొడ్డున ఉంటావు, అదీ వాళ్ళలో సగం మంది అంకె 3 మీద ఉండగానే కదిలిపోయే ఊళ్ళో. కార్ల కోసం కట్టిన లెక్క అది, మన కాళ్ళ కోసం కాదు.

ఎక్కడ నిలబడతావన్నది కూడా ముఖ్యం. ఎడమ అంచున, ఫుట్‌పాత్‌ని ఆనుకుని, పక్కన ఆర్టీసీ బస్సు పెట్టుకుని ఎప్పుడూ ఆగకు. బస్సు ఎడమకి తిరిగితే ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం రాదురా, లోపలికి కోసుకుంటూ వస్తుంది, ఆ సందులోనే నువ్వు ఉంటావు. నేరుగా పోవాలంటే ఫ్రీ లెఫ్ట్ దారి వదిలేసి దానికి కుడి పక్కన, స్టాప్ లైన్ వెనకే, లేన్ మధ్యలో నిలబడు. లారీ ముందు ఆగాల్సి వస్తే ఒకసారి వెనక్కి తిరిగి డ్రైవర్ మొహం చూడు. అతని కళ్ళు నీకు కనపడకపోతే నువ్వు అతనికి కనపడవు. కుడికి తిరగాల్సినప్పుడు నాలుగు లేన్లు కోసుకుంటూ డివైడర్ దాకా పోయే సాహసం వద్దు. గ్రీన్‌లో నేరుగా అవతలి మూలకి వెళ్ళు, అక్కడ సైకిల్ కుడికి తిప్పుకుని ఆ దారి సిగ్నల్ కోసం ఆగు. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

పోలీసు చేత్తో పొమ్మంటే రెడ్ ఉన్నా పో, అతని చెయ్యే పెద్ద సిగ్నల్. రాత్రి పసుపు మిణుకుమంటుంటే నెమ్మదిగా చూసుకుని పో. మరీ తొందరైతే దిగి, పాదచారుల సిగ్నల్ చూసుకుని, జీబ్రా మీద తోసుకుంటూ దాటు, నడిచేవాడివి అవుతావు, ఎవరూ తప్పు పట్టరు. నేను సెకండ్ షిఫ్ట్ అయ్యాక అలా చాలాసార్లు దాటాను.

ఇదంతా పుట్టుకతోనే తెలిసినట్టు మాట్లాడుతున్నానని అనుకోకు. 1994లో, జూలై తుంపర్లో, ఆరున్నర షిఫ్ట్‌కి పోతూ దారిలో ఒక ఖాళీ కూడలిలో రెడ్ దాటాను. ఖాళీ అని నేననుకున్నాను. మూల మీద ఆగిన లారీ చాటునుంచి లూనా మీద పాలాయన వచ్చాడు, రెండు పక్కలా రెండు క్యాన్లు. నాది రాడ్ బ్రేకుల సైకిల్, స్టీల్ రిమ్ తడిస్తే ఎంత నొక్కినా జారుతుంది. ఇద్దరం పడ్డాం. ఒక క్యాన్ మూత ఊడిపోయి పాలు వాన నీళ్ళతో కలిసి కాలువలోకి తెల్లగా పోతున్నాయి. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మోకాలి మీద రక్తం తుడుచుకోకుండా కూర్చుని, వేళ్ళు మడుస్తూ ఏ ఏ ఇళ్ళకి పాలు లేవో లెక్కపెట్టుకుంటున్నాడు. "క్వార్టర్స్‌లో చిన్నపిల్ల ఉంది" అని తనలో తను అనుకున్నాడు. నా రెండు రోజుల జీతం ఇచ్చాను, తీసుకున్నాడు. ఆ రోజు షిఫ్ట్‌కి ఎలాగూ లేటే.

నీ దారిలో పెద్ద సిగ్నళ్ళు నాలుగు లేక అయిదు. అన్నీ రెడ్ పడినా ఆరేడు నిమిషాలు పోతాయి, మీ ఆఫీసులో లిఫ్ట్ కోసం నిలబడే టైం అంత. ఆదివారాలు నానక్‌రాంగూడ దగ్గర ఆ సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీద నీ ఇష్టమొచ్చిన స్పీడులో తొక్కుకో, వద్దనను. ఆ ఊపు సోమవారం రోడ్డు మీదికి తేకు.

మీ అమ్మకి మంగళవారం సంగతి చెప్పలేదు. చెబితే సైకిల్ అమ్మించేదాకా నిద్రపోదు, అది నాకూ ఇష్టం లేదు. ఈ ఆదివారం సైకిల్ వేసుకుని ఇటు రా, నీ వెనక బ్రేకు వైరు వదులైంది, లివర్ హ్యాండిల్‌ని తగులుతోంది. అలెన్ కీలు నా దగ్గరున్నాయి. టిఫిన్ ఇక్కడే, అత్తయ్య పెసరట్లకి నానబోస్తానంది.

మీ మామయ్య