టెక్ సందేహాలు: మంచు తెల్లగా రావాలంటే కొత్త కెమెరా కొనాలా?

ప్రశ్న: జనవరిలో కుటుంబంతో గుల్‌మార్గ్ వెళ్తున్నాం. పోయినసారి మనాలీలో తీసిన ఫొటోల్లో మంచు బూడిదరంగులో వచ్చింది, కొన్నిట్లో నీలంగా ఉంది. నాది పాత మిర్రర్‌లెస్ కెమెరా, 18-55 కిట్ లెన్స్. కొత్తది తీసుకోమంటారా?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండీ. ఆ డబ్బు దాచుకోండి. ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థ బూడిదరంగు వెలుతురుకు తేవడమే కెమెరాలోని లైట్ మీటర్ పని. రోడ్డు, చెట్లు, మనుషులు ఉన్న ఫ్రేముకు ఆ లెక్క సరిపోతుంది. ఫ్రేములో ముప్పావు వంతు మంచే ఉంటే మాత్రం వెలుతురు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా తెలుపు దగ్గర ఇలా తడబడేదే.

మోడ్ డయల్‌ను అపర్చర్ ప్రయారిటీకి తిప్పండి. ఇందులో అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం సైజు మనం పెడితే, షట్టర్ వేగం కెమెరాయే చూసుకుంటుంది. అపర్చర్ ఎఫ్ 8, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 లేదా 200 పెట్టి, ప్లస్, మైనస్ గుర్తులుండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను పెంచండి. మబ్బు పట్టి ఉంటే +1తో మొదలుపెట్టండి. ఎండ పడుతున్న మంచు ఫ్రేమంతా పరుచుకుని ఉంటే +1.7 దాకా పోవచ్చు. దేవదారు చెట్లు సగం ఫ్రేము ఆక్రమిస్తే +0.7 చాలు. సరిగ్గా వచ్చిందో లేదో స్క్రీన్ చూసి తేల్చుకోవద్దు. చుట్టూ ఉన్న తెల్లటి వెలుగులో స్క్రీన్ మీద ఏ ఫొటో అయినా చీకటిగానే కనిపిస్తుంది. హిస్టోగ్రామ్ తెరవండి. ఫొటోలో ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్ అది. దాని గుట్ట కుడివైపుకు జరగాలి కానీ కుడి అంచుకు గుద్దుకుని తెగిపోకూడదు. తెగితే 0.3 తగ్గించి మళ్లీ తీయండి. ఒకసారి పూర్తిగా తెల్లబడిపోయిన చోట మంచు మీది గాలి చారలు, అడుగుల గుంతలు ఏ ఎడిటింగ్ యాప్‌తోనూ తిరిగి రావు.

ఇక నీలం సంగతి. నీడలో ఉన్న మంచు మీద నేరుగా ఎండ పడదు, నీలాకాశపు వెలుగే పడుతుంది. కెమెరా పట్టిన సమాచారమంతా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే ఇంటికొచ్చాక తీరిగ్గా సరిచేసుకోవచ్చు. మామూలు జేపెగ్ అయితే, తెలుపు తెల్లగా వచ్చేలా రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి 7000 కెల్విన్ దగ్గర పెట్టండి. నీలాన్ని మొత్తం తుడిచేయకండి. సాయంత్రం నీడల్లో అది కాస్త ఉంటేనే ఫొటోలో చలి తెలుస్తుంది.

మంచు జోరుగా కురుస్తుంటే ఆటోఫోకస్ మీద ఆధారపడలేం. లెన్స్ ముందు రాలే పలుకును పట్టుకుంటుంది, లేదంటే ఖాళీ తెలుపులో తడుముకుంటూ ఉంటుంది. ఒక్క చుక్క మీదే ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ ఎంచుకుని చెట్టు కాండం మీదో, ఇంటి కప్పు అంచు మీదో ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చేయండి. చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో కెమెరా ఆఫ్ చేస్తే ఆ ఫోకస్ చెదిరిపోతుంది కాబట్టి, ఆన్ చేసిన ప్రతిసారీ సరిచూసుకోవాలి. షట్టర్ సెకనులో 1/500 వంతు కన్నా వేగంగా ఉంటే పలుకులు చుక్కలుగా నిలుస్తాయి, 1/60 దగ్గర గీతలవుతాయి. రెండూ అందమే, కానీ వెనక ముదురు రంగు లేకపోతే ఏవీ కనపడవు. ఫ్లాష్ వేస్తే దగ్గరి పలుకులు పెద్ద తెల్ల మచ్చలై కొండను కప్పేస్తాయి, ఆపేయండి. దూరపు కొండల కోసం మాత్రం మంచు తెరిపి ఇచ్చేదాకా ఆగాల్సిందే.

ప్రశ్న: పోయిన శీతాకాలం గుల్‌మార్గ్ గొండోలాలో (కేబుల్ కారు) పైకి వెళ్లగానే 60 శాతం ఛార్జ్ ఉన్న ఫోన్ ఆగిపోయింది. కిందికొచ్చాక మామూలుగానే పనిచేసింది. బ్యాటరీ మార్చాలా?
- ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి. 80 శాతం కన్నా తక్కువుంటే ప్రయాణానికి ముందే ఇక్కడ మార్పించుకోండి. బాగానే ఉంటే అది చలి ప్రభావమే. చలికి లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా యాప్ ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతోంది. గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, గొండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటుతుంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చూస్తే, కింద సున్నా ఉన్నప్పుడు పైన మైనస్ 8.

ఫోన్‌ను, కెమెరా స్పేర్ బ్యాటరీలను స్వెటర్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచి, తీసేటప్పుడే బయటికి తీయండి. చల్లబడ్డ ఫోన్‌కు మాత్రం అక్కడే పవర్ బ్యాంక్ తగిలించొద్దు. సున్నా కన్నా తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. విమానంలో పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, 100 పరిమితి లోపే. మరో మాట: ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఫొటోలు క్లౌడ్‌లోకి పోతాయిలే అనుకుని ఖాళీ మెమరీ కార్డు మరిచిపోకండి.

ప్రశ్న: బయటి నుంచి హోటల్ గదిలోకి రాగానే లెన్స్ మసకబారుతోంది. హెయిర్ డ్రయర్ పెట్టొచ్చా?
- ఓ పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: పెట్టొద్దు. వేడిగాలి తేమను ఇంకా లోపలికి నెడుతుంది. వానాకాలంలో ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారడం లాంటిదే ఇదీ. అయితే కెమెరాలో ఆ నీరు సర్క్యూట్ల మీదికీ చేరొచ్చు. గది తలుపు తీయకముందే బయటే కెమెరాను జిప్ లాక్ సంచిలో పెట్టి, గాలి పిండి మూసేయండి. లోపలికొచ్చాక రెండు గంటల దాకా తెరవొద్దు. తేమ సంచి మీద పడుతుంది, కెమెరా మీద కాదు. ఫొటోలు చూడాలన్న ఆత్రం ఉంటుంది కాబట్టి మెమరీ కార్డు, బ్యాటరీ ముందే తీసి జేబులో వేసుకోండి. ఇప్పటికే మసకబారితే కెమెరా ఆన్ చేయకండి. బ్యాటరీ తీసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి.

లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదొద్దు, ఊపిరిలోని తేమ అక్కడే గడ్డకడుతుంది. రబ్బరు బ్లోయర్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో దులపండి. పొద్దున గది నుంచి వేడిగా తెచ్చిన లెన్స్ మీద పడిన పలుకులు కరిగి చుక్కలవుతాయి. అందుకే కెమెరాను పావుగంట బ్యాగులోనే చల్లబడనిచ్చి, ఆ తర్వాత క్యాప్ తీయండి.