పెద్దయ్యాక ఆటిజం అని తేలితే సదరం సర్టిఫికెట్ తీసుకోవాలా? కోనసీమ నుంచి నా అనుభవం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వయసు 26, డిగ్రీ అయింది, ఈమధ్యే కాకినాడలో డాక్టరు ఆటిజం అని చెప్పారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకుందామంటే "కాగితం మీదకెక్కితే పెళ్లి కాదు, ఆస్తి కూడా చేతికి రాదు" అని ఇంట్లో వద్దంటున్నారు. తీసుకోవాలా, మానాలా? ఊళ్లో ఎవరికి చెప్పాలి?

నాకు ముప్ఫై దాటాక తెలిసింది. మాది అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరి పీచు యూనిట్లో లెక్కలు రాస్తాను. తీసుకోండి అనే చెబుతాను. మీవాళ్ల భయంలో కొంత నిజం ఉంది గానీ ఆ ప్రమాదం కాగితంతో రాదు. మన బదులు ఇంకొకరు సంతకం పెడితే సరిపోతుందనుకునే చుట్టాలతో వస్తుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు కాగితం. 1995 నాటి చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో మనమూ ఉన్నాం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. రిజర్వేషన్లు కావాలంటే సర్టిఫికెట్లో 40 శాతం, ఆపైన ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం కోటా. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, చదవడం రాయడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి. ఇంతమందికి ఒక్క శాతమా అంటే, అంతే మరి. ఉన్నత చదువుల్లో ప్రభుత్వ కాలేజీల్లో 5 శాతం సీట్లున్నాయి. రాయడంలో ఇబ్బంది ఉందని ధ్రువీకరణ ఉంటే పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగొచ్చు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలైంది గానీ దానికి ఇంటి ఆదాయం షరతులు వేరే ఉంటాయి. అది వస్తుందనే లెక్కతో మాత్రం సర్టిఫికెట్‌కి వెళ్లకండి.

సర్టిఫికెట్ పరీక్షకు స్లాట్ గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేయించుకోవాలి. ఆసుపత్రిలో ఆటిజం ఎంతుందో కొలిచేది ఐసా (ISAA) అనే స్కేలుతో. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆ లెక్కన ఆటిజం లేనట్టే. చిక్కు ఇక్కడే. ఆ అంశాలు చాలావరకు చిన్నపిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంటాయి. మనం ఇరవై, ముప్ఫై ఏళ్లపాటు నలుగురిలా కనబడడం నేర్చుకున్నవాళ్లం. "ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తుందా?" అన్నారు. నేను కనుబొమల మధ్య చూస్తాను, ఎదుటివాళ్లకి తేడా తెలియదు. అది చెప్తే గానీ వాళ్లకీ తెలియదు. అందుకే వెళ్లేముందు రెండు పేజీలు తెలుగులో రాసుకుని వెళ్లండి: చిన్నప్పుడు ఎలా ఉండేవారు, ఏ శబ్దం పడదు, ఏ బట్ట ఒంటికి గుచ్చుకుంటుంది, నలుగురిలో గడిపి వచ్చాక ఎంతసేపు మాట రాదు, ఏ పనికి ఇంట్లో ఎవరి సాయం కావాలి. మీ ముందే మీ అమ్మగారిని "అమ్మాయి తింటుందా, పడుకుంటుందా" అని అడుగుతారు. (మీరు అబ్బాయైతే "అబ్బాయి" అనుకోండి, మిగతాదంతా ఒకటే.) చిన్నప్పటి సంగతులు అమ్మ చెప్పాల్సిందే. ఇప్పటి సంగతులు మాత్రం "నన్నే అడగండి సార్" అని మెల్లిగా అనండి. నేనలా అన్నందుకు డాక్టరుగారేమీ కోప్పడలేదు. మా అమ్మే కాస్త నొచ్చుకుంది.

ఇక ఆస్తి.

నాన్నగారు పోయాక కొబ్బరి తోట పంపకాలు వచ్చాయి. ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది గానీ ఆంధ్రలో ఎన్టీఆర్ హయాంలోనే వచ్చేసింది. కాబట్టి వాటా దగ్గర మా ఇంట్లో పేచీ లేదు. పేచీ ఇంకోచోట మొదలైంది. అంతకుముందు ఒక బ్యాంకులో డిపాజిట్ వేయడానికి వెళ్లి, గుర్తింపు కోసం ఆధార్‌తోపాటు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు కూడా ఇచ్చాను. కౌంటర్లో ఉన్నాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, నాతో కాకుండా పక్కనున్న మావయ్యతో "గార్డియన్ సంతకం కావాలండి" అన్నాడు. నెలనెలా యూనిట్ జీఎస్టీ లెక్కలు చూసేది నేను. ఆ మాట మావయ్య మనసులో పడిపోయింది. పంపకాల రోజున "దాని వాటా దాని పేరునే రాద్దాం, అన్నయ్యని గార్డియన్‌గా పెడదాం. అమాయకురాలు, ఎవరైనా మోసం చేస్తే?" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కోపంతో అన్నవాళ్లకి జవాబు చెప్పొచ్చు, ప్రేమతో అన్నవాళ్లకి చెప్పడమే కష్టం.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి 18 ఏళ్లు దాటాక గార్డియన్‌ని నియమించవచ్చు. దానికి తల్లిదండ్రులో బంధువులో రిజిస్టరైన సంస్థో దరఖాస్తు పెట్టాలి. కలెక్టరు ఉండే స్థానిక కమిటీ విచారిస్తుంది. అసలు ఈ మనిషికి గార్డియన్ అవసరమా, ఏయే పనులకు అవసరం అన్నది కమిటీ చూసి తీరాలి. అంటే సర్టిఫికెట్ చేతికొచ్చినంత మాత్రాన గార్డియన్ వెంట రాడు. ఆ ఏర్పాటు అక్కర్లేదని నేననను. మాటే లేని, ఒంటరిగా రోజు గడవని పెద్దపిల్లలున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. తమ తర్వాత ఎవరు చూస్తారన్న దిగులు వాళ్లది. కానీ అందరికీ ఒకే చొక్కా తొడగడమే తప్పు.

2016 చట్టంలో సెక్షన్ 13 చదవండి. ఆస్తి సొంతంగా ఉంచుకోవడం, వారసత్వంగా పొందడం, డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవడం, బ్యాంకు అప్పు తీసుకోవడం మనకీ అందరితో సమానంగా హక్కు. ఎవరి సాయమైనా తీసుకుంటే ఆ ఏర్పాటును మార్చుకునే, రద్దు చేసుకునే హక్కూ మనదే. నాకు బాగా పనికొచ్చింది అందులోని ఇంకో మాట: సాయం చేసేవాళ్లకీ మనకీ ఒక లావాదేవీలో ప్రయోజనాలు ఎదురుబొదురైతే, ఆ లావాదేవీలో వాళ్లు సాయం చేయకుండా పక్కకి ఉండాలి. అది ప్రింటు తీసి, కింద తెలుగులో రాసి అన్నయ్య చేతికిచ్చాను. నోటితో చెప్పబోతే నాకు మాట తడబడుతుంది, రాస్తే తడబడదు.

"అంటే నన్ను దొంగంటున్నావా?" అన్నాడు అన్నయ్య.

రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ప్రయోజనాలు ఎదురుబొదురని అనుకోకూడదని కూడా అదే సెక్షన్లో ఉంది, అది చూపించాను. ఒకే తోటలో గట్టుకి అటు చెట్లు నీవి, ఇటు చెట్లు నావి అయినప్పుడు రెండువైపులా నువ్వే సంతకం పెడితే రేపు నీకే మాట వస్తుంది అన్నాను. వదిన "అది చెప్పింది నిజమే కదండీ" అంది. రిజిస్ట్రేషన్ నా సంతకంతోనే అయింది. ఇప్పుడు కొబ్బరికాయల దింపులు అన్నయ్య చూస్తాడు, లెక్క నేను రాస్తాను. బ్యాంకులో పైఅధికారికి అదే కాగితం జతచేసి అర్జీ ఇచ్చాక డిపాజిట్ తీసుకున్నారు గానీ సాక్షి సంతకం మాత్రం పట్టుబట్టి పెట్టించుకున్నారు. అది ఇంకా తేలలేదు. మావయ్య ఎదురుపడితే ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు.

పెళ్లి గురించి నాకు తెలిసింది తక్కువ. దాచి చేసుకోవద్దు, అంతవరకే చెప్పగలను. దాచినది మూడో నెలలో బయటపడుతుంది, అప్పుడు రెండు కుటుంబాలూ మీ ఎదుటే మీ గురించి పంచాయితీ పెడతాయి.

పనిచేసే చోట చెప్పాలా? మీది ప్రభుత్వ ఉద్యోగమైతే దివ్యాంగ ఉద్యోగికి తగిన సర్దుబాటు చేయాల్సిన బాధ్యత సెక్షన్ 20 ప్రకారం ఆ ఆఫీసుది. ఫిర్యాదులు తీసుకునే అధికారి కూడా ఉండాలి. వైకల్యం ఉన్న మనిషికి ఏం కావాలో విడిగా చూసి సర్దుబాటు చేయడం దయ కాదు, సమానత్వంలో భాగమేనని 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మాలాంటి చిన్న ప్రైవేటు యూనిట్లో సెక్షన్లు చదివితే ఓనరు నవ్వుతాడు. అక్కడ ఆటిజం అనే మాటకంటే ముందు ఏం కావాలో చెప్పండి. నేను మూడు అడిగాను. పీచు తీసే మిషను పక్కనుంచి నా టేబులు వెనక గదిలోకి మార్చమన్నాను. చెప్పాల్సింది వాట్సాప్‌లో రాసి పెట్టమన్నాను. లారీ బేరాల ఫోన్లు నాకు ఇవ్వొద్దన్నాను. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. లెక్కల్లో తప్పులు తగ్గుతాయని ఆయనకే అర్థమైంది. మూడోది కుదరదన్నారు, సీజన్లో అందరూ ఫోన్లెత్తాల్సిందే. ఏం చేస్తాం, ఆ రోజులు అలాగే గడుస్తాయి. ఆటిజం అన్న మాట ఆయనకి చాలాకాలం తర్వాతే చెప్పాను.

ఊళ్లో బతకడం ఇంకో పెద్ద సంగతి. మన గోదావరి మర్యాదలు మనకే గండం. ఎవరింటికెళ్లినా "ఆయ్, ఇంకొంచెం వేసుకోండి" అంటూ ఆకులో పనసపొట్టు కూర మళ్లీ పడుతుంది. ఆ పీచు నోట్లో తగిలితే నాకు ఒళ్లంతా జలదరిస్తుంది. వద్దంటే వంట బాలేదనుకుంటారు. "నాకు ఒంటికి పడదండి, పప్పు వేయండి, రెండుసార్లు వేయించుకుంటాను" అంటే సంతోషిస్తారు. ఏది వద్దో చెప్పేటప్పుడే ఏది కావాలో కూడా అడిగితే మనవైపు మనుషులు నొచ్చుకోరు.

సంక్రాంతి మూడు రోజులూ మైకులు, కోడిపందేల బరుల దగ్గర జనం, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల (శివుడి పేరున వెదురుతో కట్టి అలంకరించే ఎత్తైన కట్టడాల) తీర్థం. నాకు ప్రభలంటే ఇష్టం, కౌశిక నదిని దాటించి ఆ ఎత్తు ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తుంటే చూడాలి. చెవుల్లో ఫోము ప్లగ్గులు పెట్టుకుని దూరంగా గట్టు మీద నుంచి చూసి, జనం తిరుగుముఖం పట్టకముందే వచ్చేస్తాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండగలకు కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలూ అందులోనే ఉంది. మా వీధి గుడి దగ్గర నేను చట్టం ఎత్తలేదు. హారను మా కిటికీ వైపు కాకుండా చేల వైపు తిప్పమని కమిటీ పెద్దాయన్ని అడిగాను. తిప్పారు. ఆ రాత్రి నిద్రపోయినవాళ్లలో పక్కింటి బాలింత కూడా ఉంది, మర్నాడు వచ్చి చెప్పింది.

ఎవరైనా నలుగురిలో "పిచ్చోడు", "తేడా మనిషి" అని కావాలని అవమానిస్తే 2016 చట్టం సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. నేను వాడలేదు. ఉందని ఒకసారి అనడమే సరిపోయింది.

హక్కుల కోసం పనిచేయాలని ఉందని చివర్లో రాశారు. ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినమని సభలు పెడతారు కదా, డాక్టర్లు, తల్లిదండ్రులు మాట్లాడతారు, పిల్లల చేత డాన్సు చేయిస్తారు. ఒక సభకు నన్నూ పిలిచి మైకు మాత్రం మా అమ్మకిచ్చారు. మీలాంటి చదువుకున్నవాళ్లు ఇలాంటి చోట్ల "ఆటిజం ఉన్న పెద్దవాళ్లెవరు మాట్లాడుతున్నారు?" అని ముందే అడగండి. ఎవరూ లేరంటే మీరే రాసుకెళ్లి చదవండి. దానికి సంఘమూ అక్కర్లేదు, పదవీ అక్కర్లేదు.

రేపు సచివాలయానికి వెళ్లి తర్వాతి స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో అడిగి రండి, ఆలోపు ఆ రెండు పేజీలు రాయడం మొదలుపెట్టండి. ఆస్తి భయం గురించి మీ అమ్మగారికి నాతో మాట్లాడాలని ఉంటే ఇక్కడే రాయమనండి, ఎంత పొడుగైనా జవాబిస్తాను. ఫోను మాత్రం ఎత్తనండి.