సైట్ ప్లాన్ గీసే ముందు: బిడ్డకు చిన్నాయన ఉత్తరం

నల్గొండ

బిడ్డా,

ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన మాట నా మనసులోనే తిరుగుతోంది. జడ్చర్ల దారిలోని ప్లాటుకు పార్టీ, అంటే ఇల్లు కట్టించుకునేవాళ్లు, ఇచ్చిన నక్షాను కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లోకి తెచ్చుకున్నానని, సైజు కుదరకపోతే మూల పట్టుకుని లాగానని, ఇప్పుడు చూడటానికి సరిపోయిందని అన్నావు. కొత్తగా చేరినవాళ్లు చాలామంది చేసే పనే అది. కానీ ఆ గీతల మీదే రేపు మేస్త్రి ముగ్గు పోస్తాడు. ఫోనులో హడావిడిగా చెబితే సగం జారిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. పక్కన పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చేయి.

నక్షా కింద స్కేలు 1:200 అని, అంటే కాగితం మీద ఒక అంగుళం నేల మీద 200 అంగుళాలని, రాసి ఉందన్నావు. దాన్ని నమ్మకు. ఆ మాట గీసిన రోజు, గీసిన కాగితానికే నిజం. తర్వాత ఎవరో జిరాక్స్ తీస్తారు, ఇంకొకరు కాగితానికి సరిపడేలా కుదించి ప్రింటు తీస్తారు, మరొకరు ఫోనుతో ఫొటో తీసి పంపుతారు. ప్రతి చేతిలోనూ సైజు మారుతుంది, 1:200 అన్న అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. మా రోజుల్లో అమ్మోనియా ప్రింట్లు వానాకాలం చెమ్మకు సాగేవి, ఎండాకాలం ముడుచుకునేవి. కాగితం ఎంత సాగినా మారనిది హద్దు గీత పక్కన రాసిన అంకె ఒక్కటే. 60 అడుగులని రాసిన గీత ఎప్పటికీ 60 అడుగుల గీతే. స్కేలు దాన్ని పట్టుకునే కుదర్చాలి.

ముందుగా ఆ నక్షా పిడిఎఫ్‌ను తెర మీద బాగా దగ్గరకు తెచ్చి చూడు. గీతలు పదునుగానే ఉంటే అందులో నిజమైన గీతలున్నట్టు, వాటిని ఆటోక్యాడ్‌లోకి గీతలుగానే దిగుమతి చేసుకోవచ్చు. గళ్లుగళ్లుగా చెదిరితే అది వట్టి బొమ్మ. బొమ్మ అయితే విడిగా ఒక లేయర్‌లో, అంటే వేరే పొరలో, పెట్టు. స్కేల్ కమాండ్ ఇచ్చి, బొమ్మను ఎంచుకుని, ఒక హద్దు రాయి ఉన్న మూలను ఆధారంగా తీసుకుని, రిఫరెన్స్ కోసం ఆర్ నొక్కు. అదే మూల మీద ఒకసారి, గీత రెండో కొస మీద ఒకసారి క్లిక్ చేసి, అసలు పొడవు టైపు చేయి. నీ ఫైలు అడుగులు, అంగుళాల్లో ఉంటే 60 తర్వాత అడుగుల గుర్తు తప్పకుండా పెట్టాలి. ఆ చిన్న గీటు మరిచిపోతే 60 అంగుళాలని తీసుకుంటుంది, ప్లాటు మంచమంత అవుతుంది. త్రీడీ మోడల్ గీసే స్కెచ్‌అప్‌లో అయితే అందులోని టేపుతో రెండు కొసల మధ్య కొలిచి, అసలు పొడవు కొట్టి ఎంటర్ నొక్కితే మోడల్ మొత్తం సైజు మార్చమంటావా అని అడుగుతుంది. నక్షాను గ్రూపు చేసి, ఆ గ్రూపులోకి వెళ్లి కొలిస్తే అది ఒక్కటే మారుతుంది, మిగతా మోడల్ చెదరదు.

ఏ గీతను పట్టుకోవాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఏళ్ల కిందట మిర్యాలగూడ దగ్గర ఒక బియ్యం మిల్లు గోదాముకు నేను ప్లాను గీశాను. స్థలం పొడవు 180 అడుగులు. ఆ అంకె మడతలో నలిగి ఉంది, ముందున్న 30 అడుగుల రోడ్డు అంకె మాత్రం స్పష్టంగా ఉంది. అందుకని రోడ్డు వెడల్పునే పట్టుకున్నాను. జిరాక్స్‌లో రోడ్డు గీత లావుగా ఉండటంతో నా క్లిక్ మూడు అంగుళాలు లోపలికి పడింది. 30 అడుగుల మీద మూడు అంగుళాలంటే ఎవరికి కనిపిస్తుంది? అదే తప్పు 180 అడుగుల మీదికి వెళ్లేసరికి అడుగున్నర అయింది. ముగ్గు పోసిన రోజు చివరి పిల్లరు గుంత పక్క రైతు గట్టులోకి వెళ్లింది. ఆ పెద్దాయన కోప్పడలేదు. వచ్చి హద్దు రాయి మీద చేయి వేసి నిలబడ్డాడు, అంతే. తవ్విన రెండు గుంతలు పూడ్పించి, టేపు పట్టుకుని మళ్లీ అన్ని వైపులా కొలిచాను. అదే మూడు అంగుళాల తప్పు 180 అడుగుల గీత మీద జరిగి ఉంటే, 30 అడుగుల దగ్గర అర అంగుళమే తేడా వచ్చేది. కాబట్టి నక్షాలో అన్నిటికన్నా పొడవైన గీతనే పట్టుకో. దాని అంకె చదవలేకపోతే సైటుకు వెళ్లి కొలుచుకుని రా.

స్కేలు కుదిరాక వెంటనే గీయడం మొదలుపెట్టకు. పొడవు పట్టుకుని కుదిర్చావు కదా, ఇప్పుడు అడ్డం వైపు కొలిచి చూడు. పొడవు 60 సరిగ్గా వచ్చి, 40 ఉండాల్సిన వైపు 39 చూపిస్తే నీ స్కానులోనే వంకర ఉంది. ఫోను ఫొటోలతో ఇదే బాధ, కెమెరా కొంచెం ఒరిగినా చదరం కాస్తా వంకర అవుతుంది. దాన్ని ఇటు లాగి అటు లాగి సరిచేయాలని చూడకు. కాగితాన్ని తెప్పించుకుని, మడతలు సాపు చేసి, స్కానర్ అద్దం మీద పరిచి మళ్లీ స్కాన్ చేయి.

సర్వేయర్ టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో తీసిన ఫైలు ఇస్తే తప్పు వేరే చోట ఉంటుంది. అందులో గీతలు సరిగ్గానే ఉంటాయి, యూనిట్లు కలవవు. అప్పుడు కనిపించే అంకెను చూడు, అదే దోషిని పట్టిస్తుంది. 60 అడుగుల వైపు 18.288 అని చూపిస్తే అది మీటర్లలో గీసినది. 18288 అయితే మిల్లీమీటర్లు, 720 అయితే అంగుళాలు. 196.85 అని వచ్చిందంటే, అప్పటికే అడుగుల్లో ఉన్నదాన్ని మీటర్లనుకుని ఎవరో 3.2808తో మళ్లీ గుణించారు. ఒక్క మాట గుర్తుంచుకో: ఆటోక్యాడ్‌లో యూనిట్స్ పెట్టె తెరిచి మీటర్లను అడుగులుగా మార్చినంత మాత్రాన అప్పటికే ఉన్న గీతలు మారవు. వాటిని గుణించే మార్చాలి. ఆ గుణకం కూడా కచ్చితంగా వేయి. అడుగుకు 0.3048 మీటరు. తేలిగ్గా ఉంటుందని 0.3 వేస్తే 60 అడుగులు 18 మీటర్లవుతాయి, దాదాపు అడుగు నేల మాయమవుతుంది. మన దగ్గర దస్తావేజు గజాల్లో ఉంటుంది, మేస్త్రి అడుగుల్లో మాట్లాడతాడు, 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో సెట్‌బ్యాక్‌లు, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీలు, మీటర్లలో ఉన్నాయి. ఈ మూడింటి మధ్య తిరిగేటప్పుడు ఉజ్జాయింపు లెక్క పనికిరాదు.

విస్తీర్ణం కూడా దస్తావేజుతో పోల్చు. 40కి 60 అంటే 2400 చదరపు అడుగులు, 266.67 గజాలు. పాత కాగితాల్లో గుంటలుంటే కంగారు పడకు, గుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు. అయితే విస్తీర్ణం కలిసిందని నిశ్చింతగా ఉండకు. నాలుగు వైపులా 40, 60, 40, 60 ఉన్నంత మాత్రాన అది మూలమట్టానికి ఉందని కాదు. మూలలు సరిగ్గా ఉంటే కర్ణం 72 అడుగుల ఒక అంగుళం చిల్లర రావాలి. టేపుకు 75 అడుగులు వచ్చిందనుకో, 60 అడుగుల గట్టు ఒక పక్కకు మూడున్నర అడుగులు జరిగినట్టు. అప్పుడు విస్తీర్ణంలో తగ్గేది ఒక్క గజం మాత్రమే. దస్తావేజుతో పోలిస్తే నీకు అనుమానమే రాదు, కానీ నువ్వు గీసిన గది మూల పొరుగువాళ్ల స్థలంలో ఉంటుంది. అందుకే ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచిన కర్ణం లేకుండా నేను ఏ ప్లానూ మొదలుపెట్టను. నువ్వూ మొదలుపెట్టవద్దు.

మీ ఊరికి ఇంకో జాగ్రత్త ఉంది. జీపీఎస్‌తో కొలిచిన ఫైళ్లు యూటీఎం లెక్కలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చూపే లెక్కలో, వస్తాయి. 78వ రేఖాంశం మహబూబ్‌నగర్ పక్క నుంచే వెళుతుంది. దానికి పడమర ఉన్న నారాయణపేట, మక్తల్ 43వ జోన్‌లో, తూర్పున ఉన్న జడ్చర్ల, మా నల్గొండ 44వ జోన్‌లో పడతాయి. రెండు జోన్ల ఫైళ్లను ఒకదానిలో కలిపితే స్థలాలు ఎక్కడెక్కడికో ఎగిరిపోతాయి. పైగా ఆ లెక్కలో మన ప్రాంతం మూలబిందువుకు ఉత్తరాన 18 లక్షల మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. అంత దూరంలో గీస్తే స్కెచ్‌అప్, రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో గీతలు వణుకుతాయి. ఒక హద్దు రాయి అంకెలను ఫైలులోనే రాసి పెట్టుకుని, ఆ రాయిని సున్నా దగ్గరకు జరిపి పని చేసుకో.

ఉత్తరం గుర్తు విషయానికి వస్తే, నక్షా చేతితో గీసినవాళ్లు దాన్ని చాలాసార్లు అందాజాగా వేస్తారు. ప్లాటు కొంచెం వంకరగా ఉంటే తెర మీద అందం కోసం నిలువుగా తిప్పి, ఆ తిప్పిన సంగతి మరిచిపోకు. పార్టీ వాస్తు అడుగుతుంది, పడమటి ఎండ ఏ గదిలో పడుతుందో నువ్వూ చూసుకోవాలి. చిన్నప్పుడు నిన్ను పానగల్లు తీసుకెళ్లినప్పుడు ఛాయా సోమేశ్వరంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా నిలిచే నీడను చూసి, ఏ స్తంభానిది అని అడిగావు. స్తంభాలను, వెలుగు వచ్చే దారులను దిక్కు చూసి, దూరం చూసి నిలిపితేనే అలాంటి నీడ పడుతుంది.

అంతా సరిపోయాక బొమ్మ ఉన్న లేయర్‌ను లాక్ చేసి, బొమ్మను అన్నిటికీ వెనక్కి పంపి, రంగు వెలిసినట్టు చేసి, దాని మీద హద్దులు కొత్తగా గీయి. బొమ్మ ఫైలును, డ్రాయింగును ఒకే ఫోల్డరులో ఉంచు.

ఆ జడ్చర్ల ప్లాటులో నువ్వు లాగిన బొమ్మను తీసేయి. రేపు పొద్దున ఎండ ముదరకముందే 100 అడుగుల టేపుతో వెళ్లు, రెండో కొస పట్టడానికి ఒకరిని తోడు తీసుకెళ్లు. నాలుగు వైపులు, రెండు కర్ణాలు కొలిచి కాగితం మీద రాసుకుని, గీయడానికి కూర్చునే ముందు ఆ ఆరు అంకెలూ నాకు ఫోను చేసి చెప్పు. నేనూ ఇక్కడ గీసి చూస్తాను.

నీ చిన్నాయన